తాలు ఏరే కన్ను

మిర్చి కల్లంలో తాలు ఏరడం చూసినవాళ్లకు ఈ అధ్యాయంలో సగం చెప్పాల్సిన పని లేదు. నెక్కొండ చుట్టుపక్కల ఊళ్లలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఏ కల్లానికి పోయినా ఇదే కనిపిస్తుంది. పరదాల మీద ఎర్రగా పరిచిన కాయ, దాని అంచున ముక్కుకు కొంగు చుట్టుకొని వరుసగా కూచున్న ఆడవాళ్లు. రంగు తప్పిన కాయ, తెల్లమచ్చ పడ్డ కాయ, తొడిమ దగ్గర మెత్తబడ్డ కాయ ఒక పక్కకు పోతుంటాయి. చెయ్యి ఆగదు, మాటా ఆగదు. పక్కామెకు కోడలి సంగతి చెబుతూనే ఉంటారు, తాలు కంటబడగానే వేళ్లు వాటంతట అవే పట్టుకుంటాయి. పొద్దు గూకే వేళకు కూడా పొద్దున మొదటి కాయను చూసిన చూపే ఉండాలి. లేకపోతే వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఖరీదుదారు మచ్చు కోసం బస్తాలో చెయ్యి పెట్టినప్పుడు ఆ గుప్పిట్లోకి సరిగ్గా ఆ తాలే వస్తుంది. రేటు అక్కడే విరిగిపోతుంది.

మా అవ్వ ఆ పని ముప్ఫై ఏళ్లు చేసింది. నేను హైదరాబాద్‌లో వీడియో గేమ్ కంపెనీల్లో పదేళ్లకు పైగా చేసిందీ అదే పని. ఈ సంగతి తలకెక్కడానికి నాకు రెండేళ్లు పట్టింది. మీకు అంత పట్టకూడదు.

ఊరికి వచ్చినప్పుడల్లా స్టేషన్ దగ్గర చాయ్ తాగుతుంటే ఎవరో ఒక తమ్ముడు అడుగుతాడు: “అన్నా, మీ ఆఫీసుల పొద్దంత గేమ్‌లే ఆడుతరట గదా, మల్ల జీతం గూడ ఇస్తరట?” ఆ ప్రశ్నలో తప్పు లేదు, నేనూ అదే అనుకొని వెళ్లాను. 2012లో నర్సంపేటలో డిగ్రీ చేసి, పొద్దున్నే రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, ఎంఎంటీఎస్ పట్టుకొని హైటెక్ సిటీకి పోయినప్పుడు నా జేబులో ఉన్న అర్హత ఒక్కటే. మా గల్లీలో ఏ ఆటలోనూ నన్నెవరూ గెలిచేవాళ్లు కాదు. ఇంటర్వ్యూలో అదే చెప్పాను. ఎదురుగా ఉన్నాయన నవ్వి, టేబుల్ మీదున్న పెన్ను చూపించి, “దీన్ని ఎన్ని రకాలుగా పాడుచెయ్యొచ్చో చెప్పు” అన్నాడు. నేను పదకొండు రకాలు చెప్పాను. ఆటల్లో గెలుపు గురించి ఆయన మళ్లీ అడగలేదు.

మొదటి వారం నాకు ఇచ్చిన పని గోడలకు రాసుకుంటూ నడవడం. ఒక ఫోను ఇచ్చారు, ఆటలో ఒక గోదాము లెవెల్ ఇచ్చారు. శత్రువులు ఉండరు, తుపాకీ ఉండదు. ప్రతి గోడనూ భుజంతో తాకుతూ, ప్రతి మూలలో ఎగిరి, వంగి, దొర్లి, ఎక్కడైనా బొమ్మ గోడలోకి దూరిపోతుందా అని చూడాలి. ఒక గోడ అయిపోతే దాని పక్క గోడ. గోదాముకు ఎన్ని గోడలుంటాయో అంతవరకు నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. మూడో రోజు సాయంత్రం నాలుగింటికి, ఒక నూనె పీపా వెనక మూలలో, వంగి ఎడమకు తిరిగి ఎగిరితే, నా మనిషి నేలలోంచి జారి కింది శూన్యంలోకి పడిపోయాడు. పైన గోదాము చిన్నదైపోతూ కనిపిస్తోంది. నేను కుర్చీలోంచి లేచి అరిచాను. పక్కవాళ్లు తల కూడా ఎత్తలేదు.

ఆ తప్పు (ఆఫీసు భాషలో బగ్) మీద నేను రాసిన రిపోర్టు ఒకటే వాక్యం: ప్లేయర్ ఈజ్ ఫాలింగ్ డౌన్, ప్లీజ్ చెక్. జిరాలో పెట్టాను. (జిరా అంటే జీలకర్ర కాదు, బగ్‌లు రాసిపెట్టే సాఫ్ట్‌వేర్. మొదట్లో నేనూ నవ్వుకున్నాను.) మరునాడు పొద్దునకు ప్రోగ్రామర్ దగ్గరి నుంచి తిరిగొచ్చింది, “నాట్ రిప్రొడ్యూసిబుల్” అన్న ముద్రతో. అంటే, నువ్వు చెప్పింది నా దగ్గర జరగలేదు, కాబట్టి లేనట్టే. కళ్లారా చూసినదాన్ని లేదంటే ఎట్లా ఉంటుందో పడ్డవాళ్లకు తెలుస్తుంది. కోపంతో మా లీడ్ దగ్గరికి పోయాను. ఆమెది ఖమ్మం. “మేడం” అంటే ఊరుకునేది కాదు, పేరు పెట్టి పిలవమనేది. నాకు నోరు వచ్చేది కాదు. చివరికి “అక్కా” దగ్గర ఇద్దరం రాజీపడ్డాం.

ఆమె ప్రోగ్రామర్‌ను ఏమీ అనలేదు. నా పక్కన కుర్చీ వేసుకొని కూచొని అడగడం మొదలుపెట్టింది. పీపాకు ఏ పక్క నిలబడ్డావు? ముందు వంగావా, ముందు తిరిగావా? ఫోను అడ్డంగా ఉందా, నిలువుగానా? అప్పటికి ఆట మొదలుపెట్టి ఎంతసేపయింది? మధ్యలో ఫోన్ కాల్ ఏమైనా వచ్చిందా? అన్నిటికంటే చివర, “ఎన్నిసార్లు చేస్తే ఎన్నిసార్లు పడ్డావు?” అంది. నేను ఒక్కసారే చూశాను. “అయితే మనకింకా ఏమీ తెలియదు” అంది. ఆ మధ్యాహ్నం ఇద్దరం పదిసార్లు చేశాం. ఏడుసార్లు పడ్డాడు. కుడికి తిరిగితే ఒక్కసారీ పడలేదు. అప్పుడు ఇంగ్లీషులో రాసిన రిపోర్టు తెలుగులో ఇట్లా ఉంటుంది:

బిల్డ్ (ఆట తాజా కూర్పు) నంబరు ఇది, ఫోను మోడల్ ఇది.
1. గోదాము లెవెల్ తెరవండి.
2. ఉత్తరం వైపు నూనె పీపా వెనక్కి వెళ్లి మూలకు ఆనుకొని నిలబడండి.
3. వంగండి. వంగినప్పుడే ఎడమకు పూర్తిగా తిరగండి.
4. ఎగరండి.
జరగాల్సింది: మనిషి నేల మీదే దిగాలి.
జరిగింది: నేలలోంచి కిందికి పడిపోయాడు. లెవెల్ మళ్లీ మొదలుపెడితే తప్ప తిరిగి రాలేడు.
పదిసార్లకు ఏడుసార్లు. కుడికి తిరిగితే జరగడం లేదు.

ఆ ప్రోగ్రామర్ అరగంటలో బాగుచేసి, లేచి వచ్చి నా భుజం తట్టిపోయాడు. ఇందులో గొప్ప ఇంగ్లీషు లేదు, చూసుకోండి. టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివినవాడు రాయగలిగినదే అంతా. గేమ్ కంపెనీలో పైకి వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లందరిలో ఉన్న గుణం ఒకటే: జరిగింది జరిగినట్టు, ఎదుటివాడు తన చేత్తో మళ్లీ చేసి చూసుకునేటట్టు చెప్పగలగడం. నాలాగా తప్పులు వెతికే టెస్టర్‌కే కాదు, ఆర్టిస్ట్‌కైనా, డిజైనర్‌కైనా, మేనేజర్‌కైనా అదే కావాలి. “బాలేదు” అనే మాటకు ఆ ఆఫీసుల్లో విలువ లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నదానికే విలువ.

దీన్ని ఇంటి దగ్గరే అలవాటు చేసుకోవచ్చు. మీరు రోజూ ఆడే ఆటలో ఈ వారం ఒక తప్పు పట్టండి. పైన ఉన్న పద్ధతిలో కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని ఆ ఆట ఎప్పుడూ ఆడని మీ చెల్లె చేతిలో పెట్టి, మీరు నోరు తెరవకుండా పక్కన కూచోండి. కాగితం చూసి ఆమె ఆ తప్పును చేసి చూపిస్తే మీరు రాసింది రిపోర్టు. మధ్యలో మీరు “గట్ల గాదే” అంటే అక్కడ ఒక మెట్టు రాయడం మరిచిపోయారని అర్థం. ఇట్లాంటివి ఇరవై రాసుకొని ఇంటర్వ్యూకు పోయిన పిల్లలను నేను ఉద్యోగంలోకి తీసుకున్నాను. సర్టిఫికెట్లు ఫైలులోనే ఉండిపోయాయి, అడగలేదు.

ఇంగ్లీషు స్పెల్లింగ్ భయం ఉన్నవాళ్లకు ఒక కథ. 2013లో ఏలియన్స్: కలోనియల్ మెరీన్స్ అని ఒక పెద్ద ఆట వచ్చింది. అందులో ఏలియన్లు మనిషిని తెలివిగా చుట్టుముట్టాల్సింది పోయి తికమకపడుతుండేవి. ఆటను అందరూ తిట్టిపోశారు. 2018లో అసలు సంగతి అందరి నోటా పడింది: సెట్టింగుల ఫైలులో ‘టెథర్’ అన్న మాటలో ‘ఏ’ అక్షరం ఒకటి ఎక్కువ పడింది. కంప్యూటర్‌కు ఆ పదం అర్థంకాక ఆ వరుసనే వదిలేసి పోయింది. ఆ ఒక్క అక్షరం తీసేస్తే ఏలియన్ల నడతే మెరుగుపడింది. ఆ ఫైలు రాసింది అమెరికా వాళ్లు. బస్తాలో ఒక్క తాలు కాయ, ఏళ్ల తరబడి ఎవరి చేతికీ తగల్లేదు.

అయితే తాలు అనుకున్నదల్లా పారబోసేది కాదు. మార్కెట్లో తాలుకూ వేరే రేటు ఉంటుంది కదా. 1978లో జపాన్‌లో తోమొహిరో నిషికాదో స్పేస్ ఇన్వేడర్స్ చేసినప్పుడు, తెర మీద శత్రువులు ఎక్కువున్నంతసేపూ మెషీన్ లాగలేక నెమ్మదిగా నడిచేది. ఆడేవాడు కొందరిని కాల్చేస్తే బరువు తగ్గి మిగిలినవాళ్లు వేగంగా కదిలేవాళ్లు. ఆయన దాన్ని సరిచెయ్యకుండా ఉంచేశాడు. ఆట చివరికొచ్చేకొద్దీ గుండె దడ పెరగడం అట్లా పుట్టింది. టెస్టర్‌గా మీ పని తీర్పు చెప్పడం కాదు, చూపించడం. ఉంచాలా తీయాలా అన్నది డిజైనర్ చూసుకుంటాడు. నేను తప్పని రాసిన బగ్‌ల మీద “అది అట్లాగే ఉండాలి” అని ఎన్నిసార్లు తిరిగొచ్చిందో. మొదట్లో ఉడుక్కునేవాణ్ని.

ఒక ఆఫీసులో ఎవరెవరుంటారు

ఆట ఎట్లా సాగాలో రాసేవాళ్లు డిజైనర్లు. అది నడిచేటట్టు చేసేవాళ్లు ప్రోగ్రామర్లు. మనుషులు, చెట్లు, గోడలు తయారుచేసేవాళ్లు ఆర్టిస్టులు, వాటిని కదిలించేవాళ్లు యానిమేటర్లు. చప్పుళ్లకు వేరే మనుషులు. తేదీలు పట్టుకొని అందరి వెంట పడేవాళ్లు ప్రొడ్యూసర్లు. మన సినిమా ప్రొడ్యూసర్ లాగా డబ్బు పెట్టేవాడు కాదు, పెళ్లింట్లో పెద్దబావ లాంటివాడు. అందరి పనీ ఆయనకు కావాలి, ఆయన పని ఏమిటో ఎవరూ చెప్పలేరు.

వీళ్లందరూ రోజంతా కొట్లాడుకునేది ఒక చిన్న సంఖ్య మీద. తెర మీద సెకనుకు 60 బొమ్మలు మారాలంటే ఒక్కో బొమ్మకు దొరికేది 16.6 మిల్లీసెకన్లు. అందులోనే మనిషి నడవాలి, నీడ పడాలి, చెట్టు ఊగాలి, శత్రువు ఆలోచించాలి. ఆర్టిస్ట్ అందంగా వేప చెట్టు వేసి ఆకులన్నీ విడివిడిగా పెడితే అందులో పావు వంతు ఆ చెట్టే తినేస్తుంది. ప్రోగ్రామర్ వచ్చి ఆకులు తగ్గించమంటాడు. అన్నదమ్ముల నడుమ బాయి నీళ్ల వంతు లాంటిదే ఇది, ఒకరి మడికి ఎక్కువ పారితే ఇంకొకరిది ఎండుతుంది. ఇంటర్వ్యూకు పోయేముందు ఈ 16.6 లెక్క మీ నోటితో మీరు చెప్పగలగాలి. మీరు వేసే చెట్టు పక్కవాడి వంతులోంచి ఎంత తీసుకుంటుందో తెలిసిన ఆర్టిస్ట్‌ను ఎవరూ వదులుకోరు.

మన దేశంలో చాలామందికి దొరికే మొదటి ఉద్యోగం సొంత ఆట చేసే కంపెనీలో కాదు, బయటి కంపెనీలకు పని చేసిపెట్టే స్టూడియోలో. 1997లో బెంగళూరులో రాజేశ్ రావు మొదలుపెట్టిన ధ్రువ ఇంటరాక్టివ్ ఈ దారికి పెద్దన్న. విదేశీ ఆటలకు బొమ్మలు చేసి పేరు తెచ్చుకుంది, 2019లో రాక్‌స్టార్ అనే పెద్ద ఆటల కంపెనీ దాన్ని కొనేసింది. ఇట్లాంటి స్టూడియోల్లో చేరేటప్పుడు రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టాలి. రెండేళ్లు ఒక కారు టైర్లు గీసినా ఆ ఆట విడుదలయ్యేదాకా పేరు చెప్పకూడదు. మా బాపు పొలం గట్టు మీద నిలబడి “ఇంతకు ఏం చేస్తవురా?” అంటే, “చెప్పొద్దు బాపూ” అనేవాణ్ని. ఆయన మా అవ్వ వైపు చూసి, “పోలీసోళ్ల కొలువు అనుకుంట” అన్నాడు.

సొంత ఆటలు చేసేవాళ్లూ మన దగ్గర ఉన్నారు. హైదరాబాద్‌లోని ఓగర్‌హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ విడుదల చేసింది, అందులో మన పురాణాల రాక్షసుడే నాయకుడు. కశ్యప్ రెడ్డి, కీర్తి సింగ్ నడిపే హిట్‌వికెట్ క్రికెట్ ఆట 2020లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఆత్మనిర్భర్ యాప్‌ల పోటీలో ఆటల విభాగంలో నెగ్గింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి పెద్ద సంస్థకూ నగరంలో ఆఫీసు ఉంది. దేశంలోని ఆటల తయారీదారులంతా కలిసే సదస్సు చాలా ఏళ్లు మన హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రంలోనే జరిగింది. అంత దూరమెందుకు, 2023లో ఆటల కంపెనీ యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను కొన్న మైక్రోసాఫ్ట్‌ను నడిపే సత్య నాదెళ్ల బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో క్రికెట్ ఆడినవాడే. ఆయన పేరు తలుచుకుంటే ఉద్యోగం రాదు లెండి. ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించడానికి మాత్రం బాగా పనికొస్తుంది, నేనూ వాడుకున్నాను.

“రమ్మీ కంపెనీనా?”

నాకు పెళ్లి సంబంధం చూడటానికి పోయినప్పుడు పిల్ల మేనమామ నన్ను అడిగిన మొదటి మాట ఇది. ఆయనను తప్పుపట్టలేను. ఫోన్‌లో పేకాటకు పొలాలు అమ్ముకున్నవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే చట్టం సవరించి నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆటలను, అందులో నైపుణ్యం ఉందా అదృష్టం ఉందా అన్న వాదనతో పని లేకుండా, ఆపేసింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, మామూలు వీడియో గేమ్‌లను ప్రోత్సహిస్తామని చెప్పింది. రాత్రికి రాత్రి ఆ డబ్బు ఆటల కంపెనీల్లో ఉద్యోగాలు పోయాయి. వాళ్లలో మంచి ప్రోగ్రామర్లున్నారు, ఎక్కడ పని చేస్తున్నామో తెలిసే చేరినవాళ్లూ ఉన్నారు, జీతం ఎక్కువని కళ్లు మూసుకున్నవాళ్లూ ఉన్నారు.

అందుకే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే అడగండి: మీ కంపెనీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఆటను అమ్ముతారా, ప్రకటనలా, ఆటలో బట్టలూ బ్యాట్లూ అమ్ముతారా, బయటి కంపెనీల పనా? ఈ ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పలేని చోట రెండు నెలల జీతం కూడా నమ్మకం లేదు.

ఇంకోటి అడగాలి, ఇది అడగడానికి చాలామంది మొహమాటపడతారు. పోయిన ఆట విడుదలకు ముందు నెలలో జనం ఎన్ని గంటలకు ఇంటికి పోయేవాళ్లు? ఈ రంగంలో దానికి ‘క్రంచ్’ అని పేరు. 2004 నవంబరులో అమెరికాలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఉద్యోగికి కాబోయే భార్య ఒకామె పేరు చెప్పకుండా బహిరంగ లేఖ రాసింది. తన మనిషి వారానికి ఏడు రోజులూ రాత్రి దాకా ఎట్లా అరిగిపోతున్నాడో అందులో ఉంది. ఓవర్‌టైమ్ కోసం ఉద్యోగులు కోర్టుకు పోయారు. ఆ కంపెనీ ఆర్టిస్టులకు 1.56 కోట్ల డాలర్లు, తర్వాత ప్రోగ్రామర్లకు 1.49 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడింది. ఇవాళ చాలా కంపెనీల్లో పరిస్థితి మెరుగే. అయినా ఉద్యోగ ప్రకటనలో ‘ప్యాషన్’ అన్న మాట మూడుసార్లు కనిపిస్తే నేను మాత్రం పనిగంటల గురించి రెండుసార్లు అడుగుతాను.

నా సంగతి చెబుతాను. కంపెనీ పేరు అనవసరం. సద్దుల బతుకమ్మ నాడు ఇంటికి రావాలి, టికెట్ ఉంది. ఆరోజు మధ్యాహ్నం బిల్డ్ పాడైంది. “ఒక్క రాత్రే” అన్నారు. అది తొమ్మిది రాత్రులయింది. బిరియానీలు తెప్పించారు, సెలవులు తర్వాత ఇస్తామన్నారు. బతుకమ్మను మా చెల్లె వీడియో కాల్‌లో చూపించింది. నేను ఒక చేత్తో ఫోను పట్టుకొని ఇంకో చేత్తో గోడలకు రాసుకుంటున్నాను. ఆ సెలవులు రాలేదు. ఏడాది తిరిగేసరికి ఆ ఆటనే రద్దుచేశారు. శుక్రవారం పదకొండింటికి మీటింగ్ అన్నారు, పన్నెండింటికి ల్యాప్‌టాప్ తీసుకున్నారు. బయటికి చూపించుకోవడానికి నా దగ్గర ఏముంది? ఆట విడుదల కాలేదు, కాబట్టి ఒప్పందం ప్రకారం ఒక్క బొమ్మ కూడా ఎవరికీ చూపకూడదు. మూడేళ్ల పని ఉంది, చెప్పుకోవడానికి లేదు.

ఇది నా ఒక్కడి కర్మ అనుకునేవాణ్ని. కాదు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన ఆటల విభాగంలో ఒక్కరోజే 1,900 మందిని తీసేస్తున్నట్టు చెప్పింది, యాక్టివిజన్‌ను కొన్న మూడు నెలలకు. పత్తి లాగే ఈ రంగానికీ మంచి ఏడు, చెడ్డ ఏడు ఉంటాయి. పత్తి ఒక్కటే పెట్టిన ఏడు మా బాపు ఎట్లా ఉండేవాడో నాకు గుర్తుంది, అందుకని మళ్లీ ఉద్యోగం దొరికాక ఒక నియమం పెట్టుకున్నాను. ఆఫీసు పని ఎంతున్నా, వారానికి నాలుగు గంటలు నా సొంత చిన్న ఆట మీద. దాని మీద ఎవరి సంతకమూ ఉండదు. (చేరేటప్పుడే ఒప్పందంలో సొంత పని గురించి ఏం రాసి ఉందో చదువుకోండి. కొన్ని కంపెనీలు ఇంట్లో చేసినదీ తమదే అంటాయి.)

అవ్వ గవ్వలు

ఆ చిన్న ఆట ఏదై ఉండాలి? కుర్రాళ్లు మొదటి ఆటగా పబ్జీ లాంటిది చేస్తామంటారు. వందల మంది ఏళ్లపాటు చేసేది ఒక్కడు చెయ్యలేడు. ఇంట్లో ఉన్న ఆట తీసుకోండి. నేను అష్టాచెమ్మ తీసుకున్నాను. బొమ్మో, కోడో ముట్టుకోకముందు, నియమాలన్నీ తెల్లకాగితం మీద రాశాను. అప్పుడు తెలిసింది, నాకు అష్టాచెమ్మ రాదని. మా ఇంట్లో ఒక కాయనైనా చంపితేనే లోపలి వరుసలోకి పోనిస్తారు, మా మేనత్త ఇంట్లో అట్లా లేదు. మూడుసార్లు వరుసగా అష్ట పడితే ఏం చెయ్యాలన్నదాని మీద మా చెల్లె, నేను కాగితం దగ్గరే కొట్లాడుకున్నాం. ఇద్దరం చిన్నప్పటి నుంచి ఒకే అరుగు మీద ఆడినవాళ్లం. నియమాలు రాసే ఆ కాగితాన్నే కంపెనీలో డిజైన్ డాక్యుమెంట్ అంటారు.

తర్వాత లెక్క. నాలుగు గవ్వలు. ఒక్కోటి బోర్లానో వెల్లకిలానో పడుతుంది కాబట్టి మొత్తం 16 రకాలు. అందులో ఒకటి పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, చెమ్మ (నాలుగు) ఒకటి, అష్ట (ఎనిమిది) ఒకటి. సగటున ఒక పందేనికి రెండున్నర గడులు. గళ్లు 25. బయటి వరుస 16 చుట్టి, లోపలి 8 తిరిగి, నడిమి గడిలో పండాలంటే ఒక కాయకు 24 అడుగులు, నాలుగు కాయలకు 96. రెండున్నరతో భాగిస్తే రమారమి 38 పందేలు. ఇద్దరు ఆడితే ఇంచుమించు 76. ఒక్కో పందేనికి పది సెకన్లు వేసుకున్నా పన్నెండు నిమిషాల పైమాటే, అదీ ఒక్క కాయ కూడా చావకపోతే. అరుగు మీద పన్నెండు నిమిషాలు ఒక లెక్క కాదు. వరంగల్ బస్సులో ఫోన్ మీద ఆడేవాడికి చాలా ఎక్కువ. అందుకని కాయలు రెండే పెట్టాను. సమయం సగమయింది, కానీ ఏ కాయను కదిపేదా అని తల గోక్కునే మజా పోయింది. మళ్లీ మూడు చేశాను. డిజైనర్ రోజంతా చేసే పని ఇదే, జీతం ఇచ్చేదీ దీనికే.

గీయడానికి బ్లెండర్, ఆట కట్టడానికి గోడో (Godot) అనే సాఫ్ట్‌వేర్‌లున్నాయి, రెండూ ఉచితం, మరీ పాతది కాని కంప్యూటర్ మీద చిన్న ఆటకు సరిపోతాయి. ఒక నెలలో అయిపోయేది పెట్టుకోండి. నెలలో కాకపోతే ఆట చిన్నది చెయ్యండి, నెలను పెద్దది చెయ్యకండి. అయ్యాక ఎవరైనా ఆడుతుంటే వెనక నిలబడి చూడండి. సలహా చెప్పకుండా చూడటం చాలా కష్టం, నా వల్ల ఇప్పటికీ కాదు.

మొన్న సంక్రాంతికి నా అష్టాచెమ్మ ఫోన్‌లో పెట్టి అవ్వ చేతికిచ్చాను. బొమ్మలు చూసి “మంచిగున్నది” అంది, ఆ మాటకు విలువ లేదని నాకు తెలుసు. పది పందేలు వేసింది. ఇంకో పది వేసింది. ఆగి, కళ్లద్దాలు పైకి జరుపుకొని, “ఈ గవ్వలు గిట్ల పడయి బిడ్డా” అంది.

“ఎట్ల పడయి అవ్వా?”

“అన్నీ ఒక్క తీరుగ పడుతున్నయి. మన గవ్వలు ఒక్కోటి ఒక్కో తీరు. ఆ చిన్నది సూడు, ఎప్పుడేసినా బోర్లనే పడుతది. దాంతోనే మీ మేనత్త మోసం జేస్తుండె.”

నేను నాలుగు గవ్వలకూ సగం సగం అని రాసి ఊరుకున్నాను. నాలుగేళ్లుగా ఆ కోడ్ నా దగ్గరే ఉంది, ఎంతోమంది ఇంజినీర్లు చూశారు. డబ్బాలోంచి గవ్వలు తీయించాను. చిన్నదాన్ని ఒక్కదాన్నే ఆమె అరచేతిలో పెట్టి, “వందసార్లు ఎయ్యి, నేను రాసుకుంట” అన్నాను.

“వందనా?” అంది కానీ, అప్పటికే వేసింది. బోర్లా. గీత గీశాను. మళ్లీ వేసింది. ఇరవై దాటేసరికి గోడవతలి పెద్దమ్మ వచ్చి గడప మీద కూచుంది, ఎవరి కోడలి సంగతో ఎత్తుకుంది. అవ్వ ఆమె ముఖంలోకి చూస్తూనే మాట్లాడుతోంది, గవ్వ వేస్తూనే ఉంది. నలభై ఒకటో పందెం దగ్గర నేను తప్పు గీత గీస్తే, మాట ఆపకుండానే నా చేతి మీద ఒకటి వేసింది.